తెల్లవారుజాము మూడింటి ఎండ

గౌరవనీయులైన ఇంధన శాఖ మంత్రిగారికి, నెడ్‌క్యాప్, డిస్కమ్ అధికారులకు, ఈ ఉత్తరం అంతదూరం వెళ్తే ఢిల్లీలోని పునరుత్పాదక ఇంధన శాఖ పెద్దలకు,

భీమవరంలో చిన్న సోలార్ కొట్టు నాది. ఇళ్ల మీద, రైస్ మిల్లుల మీద, చెరువు గట్ల మీద ప్యానెళ్లు బిగించి బతుకుతున్నవాణ్ణి. పోయిన సీజన్లో ఒక రొయ్యల రైతు అడిగిన మాట ఇంకా నా బుర్రలో తిరుగుతోంది. ఆయన చెరువులు రోడ్డుకి బాగా లోపల. లైను రాలేదు. స్తంభాలకూ ట్రాన్స్‌ఫార్మర్‌కూ వేసిన ఎస్టిమేట్ చూసి మడిచి జేబులో పెట్టుకున్నాడు. జనరేటర్ మీదే పంట తీస్తున్నాడు. నేను ప్యానెళ్ల గురించి పావుగంట చెప్పాక నెమ్మదిగా అన్నాడు: "ఎండ సంగతి సరేనండీ. నాకు కావల్సింది తెల్లారుజాము మూడింటి ఎండ. అది పట్టుకొస్తారా?"

ఆయన అడిగిందాంట్లో వెటకారం లేదు. చెరువు లెక్కే అంత. పగలంతా నీళ్లలోని నాచు, ప్లాంక్టన్ ఎండకి ఆక్సిజన్ వదులుతాయి. చీకటి పడ్డాక అవే పీల్చుకుంటాయి. సూర్యుడు రావడానికి ముందు రెండు మూడు గంటలే గండం. అప్పుడు ఏరేటర్లు ఆగితే గంటా రెండు గంటల్లో రొయ్య పైకి తేలిపోతుంది, దానితో పాటు మూడు నెలల పెట్టుబడీ. ఇంకో తిరకాసు చూడండి. మబ్బు పట్టిన రోజు నాచు కూడా సరిగ్గా పనిచేయదు కాబట్టి ఆ రోజు ఏరేటర్లు మామూలు కంటే ఎక్కువసేపు తిరగాలి. అంటే ప్యానెల్ తక్కువ ఇచ్చే రోజునే రొయ్య ఎక్కువ అడుగుతుంది. లైను లేనిచోట ఎక్కువ కరెంటు వాడేవాడికి సోలార్ డిజైన్ చేయడం అంటే ఈ ఎదురు లెక్కతో కుస్తీ పట్టడమే.

ఆ రైతుకి నేను వేసిన లెక్క మీ ముందు పెడతాను. రెండు హార్స్‌పవర్ ఏరేటర్లు పది. ఒక్కొక్కటి సుమారు ఒకటిన్నర కిలోవాట్లు. రాత్రి పది గంటలు అన్నీ తిప్పితే 150 యూనిట్లు. మన ప్రాంతంలో ఒక కిలోవాట్ ప్యానెల్ ఏడాది సగటున రోజుకి నాలుగు యూనిట్లు ఇస్తుంది. బ్యాటరీలోకి పోయి వచ్చేసరికి అయ్యే తరుగు, పగటి వాడకం కలిపితే యాభై కిలోవాట్లకు పైనే కావాలి. అంటే తక్కువలో తక్కువ ఐదు వేల చదరపు అడుగులు, పదకొండు పన్నెండు సెంట్ల నేల. ఇక బ్యాటరీ. మన ఇళ్లలో ఇన్వర్టర్ పక్కన కూర్చునే 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ నిండా ఉంటే 1.8 యూనిట్లు. నాలుగు కాలాలు మన్నాలంటే అందులో సగమే వాడుకోవాలి. ఆ లెక్కన దాదాపు నూట డెబ్బై బ్యాటరీలు! వాటిలో డిస్టిల్డ్ వాటర్ పోయడానికే ఒక మనిషిని పెట్టుకోవాలి. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ అయితే నూట ఎనభై ఐదు యూనిట్ల బ్యాంకు సరిపోతుంది కానీ, ధర విని రైతు లేచి వెళ్లిపోతాడు.

ఇప్పుడు మీ పథకాల సంగతి. 2024 ఫిబ్రవరిలో వచ్చిన పీఎం సూర్యఘర్ మంచి పథకం, నాకూ పని దొరికింది. కాకపోతే అది లైను ఉన్న ఇంటికి. మూడు కిలోవాట్లు దాటితే 78 వేల దగ్గర ఆగిపోతుంది. బ్యాటరీకి పైసా లేదు. అది పెట్టించుకున్నవాళ్లు కూడా నాకు ఫోన్ చేసి, "పైన ప్యానెళ్లున్నా కరెంటు పోతే మా ఇంట్లోనూ పోతోందేంటండీ" అని నిలదీస్తారు. స్తంభం మీద పనిచేసే లైన్‌మన్‌కి షాక్ కొట్టకుండా ఇన్వర్టర్ తనంతట తానే ఆగిపోతుందని ప్రతి ఒక్కరికీ చెప్పుకోవాలి. కుసుమ్ పథకం 2019 నుంచి ఉంది. అందులో లైను లేని పొలానికి ఏడున్నర హార్స్‌పవర్ దాకా పంపుకి సాయం ఉంది. పంపుకి బ్యాటరీ అక్కర్లేదు, ఎండ ఉన్నప్పుడు తోడి పెట్టుకున్న నీళ్లే బ్యాటరీ. రొయ్యకి ఆ వీలు లేదు, ఆక్సిజన్‌ని ట్యాంకులో పట్టి ఉంచలేం కదా. సౌభాగ్య పథకం కింద లైను చేరని ఇళ్లకి సోలార్ ప్యాక్ ఇచ్చారు: 200 నుంచి 300 వాట్ల ప్యానెల్, ఐదు ఎల్‌ఈడీ బల్బులు, ఒక డీసీ ఫ్యాను, ఒక ప్లగ్గు. దీపం లేని ఇంటికి అది గొప్పే, కాదనను. కానీ అక్కణ్ణించి మీ ఆలోచన ముందుకి కదల్లేదు. లైను లేనివాడంటే ఐదు బల్బులవాడేనని ఫైళ్లలో స్థిరపడిపోయింది. కోళ్ల ఫారం, ఐస్ ఫ్యాక్టరీ, కొండ మీద ఆసుపత్రి, హాస్టల్ ఆ లెక్కకి బయటే ఉండిపోయాయి.

హాస్టల్ అంటే గుర్తొచ్చింది. మన్యంలో ఒక ఆశ్రమ పాఠశాలకి కొన్నేళ్ల కిందట సబ్ కాంట్రాక్టులో పనిచేశాను. టెండర్‌లో పది కిలోవాట్ల ప్యానెళ్లు అని స్పష్టంగా ఉంది. బ్యాటరీ దగ్గర మాత్రం "తగినంత" అని రాసి వదిలేశారు. తక్కువ కోట్ చేసినవాడికి పని దక్కింది, అతనికి తగినంతే బ్యాటరీ వచ్చింది. తప్పు నాదీ ఉంది. పిల్లల సంఖ్య, బల్బులు, ఫ్యాన్లు, గ్రైండర్ అన్నీ రాసుకున్నాను. ఐదు హార్స్‌పవర్ బోరు మోటారు స్టార్టింగ్‌లో ఆరు రెట్లు లాగుతుందన్నది తెలిసీ పట్టించుకోలేదు. పొద్దున్నే ఐదింటికి వాచ్‌మన్ స్టార్టర్ నొక్కడం, పది కేవీఏ ఇన్వర్టర్ ట్రిప్ కావడం, హాస్టలంతా చీకటి. ఇంకా పెద్ద ఇన్వర్టర్ కావాలని అందరూ అన్నారు. చివరికి మోటారుకి ఒక డ్రైవ్ పెట్టాం. అది మోటారుని మెల్లగా లేపుతుంది. గొడవ ఆగింది. కానీ రెండు వేసవులు తిరిగేసరికి బ్యాటరీల్లో నీళ్లు అడుగంటి ప్లేట్లు తెల్లగా బయటపడ్డాయి. నీళ్లు పోయడానికి ఏ పద్దులోనూ డబ్బు లేదు. ప్యానెళ్లు ఇప్పటికీ మిలమిలా మెరుస్తూనే ఉన్నాయి. తనిఖీకి వచ్చినవాళ్లు వాటినే ఫొటో తీసుకుని వెళ్తారు.

అప్పటి నుంచి నా పద్ధతి మార్చుకున్నాను. ప్యానెల్ మాట చివర. ముందు క్లాంప్ మీటర్ పట్టుకుని రెండు రాత్రులు అక్కడే ఉంటాను. రొయ్యల రైతు గట్టు మీద కూడా అలాగే పడుకున్నాను, దోమల సంగతి చెప్పక్కర్లేదు. పది మోటార్లలో నాలుగు రెండు మూడుసార్లు రీవైండింగ్ అయినవి. బోర్డు మీద రాసిన దానికంటే ఎక్కువ లాగుతున్నాయి. రాత్రి మొదటి ఐదు గంటలు మీటర్ పెట్టి ఆక్సిజన్ చూస్తే ఆరు ఏరేటర్లు చాలని తేలింది. తర్వాతి ఐదు గంటలే పదీ కావాలి. అలా తిప్పితే 150 యూనిట్లు కాస్తా 120 అయ్యాయి. రీవైండింగ్ మోటార్లు మార్చి, అన్నీ ఒక్కసారి లేవకుండా టైమర్లు పెడితే ఇన్వర్టర్ సైజు కూడా తగ్గుతుంది. బ్యాంకు 185 నుంచి 150 యూనిట్లకి దిగుతుంది. ఈ తేడా లక్షల్లో ఉంటుంది. అందులో కొసరు ఖర్చుతో మంచి మోటార్లు వచ్చేస్తాయి. కానీ మోటారు మార్చుకోవడానికి మీ సోలార్ పథకాల్లో రూపాయి దొరకదు, ప్యానెల్ పెంచుకుంటే దొరుకుతుంది.

ఇంకొక మాట, మా వ్యాపారానికి నష్టమైనా చెప్తాను. జనరేటర్ని అమ్మేయమని నేను ఏ రైతుకీ చెప్పను. అక్టోబరు, నవంబరులో వాయుగుండం పడితే వరుసగా మూడు రోజులు మబ్బు. ఆ మూడు రోజుల కోసం కూడా బ్యాటరీ పెట్టాలంటే ఖర్చు రెండింతలు మూడింతలు అవుతుంది, మిగతా ఏడాదంతా అది ఊరికే కూర్చుంటుంది. పదిలో తొమ్మిది వంతులు సోలార్, ఒక వంతు డీజిల్. నా దృష్టిలో అదే నిజాయితీ గల డిజైన్. చిన్న జనరేటర్ లీటరుకి మూడు, మూడున్నర యూనిట్లు ఇస్తుంది. అంటే రైతు ఇవాళ యూనిట్‌కి ముప్పై రూపాయల దాకా పోస్తున్నాడు. ఆక్వా జోన్‌లో లైను ఉన్న పక్క రైతుకి మీరిస్తున్నది యూనిట్ రూపాయిన్నరకి. ఆ తేడాని మీరు ఏటా సబ్సిడీగా భరిస్తున్నారు. లైను లేనివాడి కోసం ఒక్కసారి భరించమంటే మాత్రం పద్దు లేదంటారు.

అయ్యా, పద్దు ఉంది. గ్రిడ్‌కి కలిపే పెద్ద బ్యాటరీ ప్రాజెక్టుల కోసం 2025లో కేంద్రం 5,400 కోట్లు పెట్టింది. మెగావాట్ అవర్‌కి 18 లక్షలు. దాన్ని మా కొట్టు భాషలోకి మారిస్తే యూనిట్ నిల్వకి 1,800 రూపాయలు. ఆ రైతు 150 యూనిట్ల బ్యాంకుకి రెండు లక్షల డెబ్బై వేలు. కంపెనీకి ఏ రేటు ఇస్తున్నారో చెరువు గట్టుకీ అదే ఇవ్వండి. కిలోవాట్ల మీద కాకుండా రాత్రి నిలవాల్సిన యూనిట్ల మీద లెక్క కట్టండి. టెండర్లో "తగినంత" అనే మాట కొట్టేసి, ఐదేళ్ల తర్వాత కూడా బ్యాటరీ రాత్రికి ఎన్ని యూనిట్లు ఇవ్వాలో రాయండి. అన్ని యూనిట్లు ఇచ్చినవాడికే చివరి బిల్లు పాస్ చేయండి. లైను లాగడానికి డిస్కమ్ వేసిన ఎస్టిమేట్‌లో తన వాటాగా పెట్టే డబ్బుందే, రైతు కావాలంటే అది సోలార్‌కి మళ్లించుకునే వీలు ఇవ్వండి. మోటారు మార్చినా, బీఎల్‌డీసీ ఫ్యాన్లు పెట్టినా అదీ ప్రాజెక్టులో భాగమే అనండి. 75 వాట్ల ఫ్యాను స్థానంలో 30 వాట్లది తిరిగితే, మిగిలిన ప్రతి వాటూ మీరు కొనక్కర్లేని బ్యాటరీయే కదా.

వచ్చే పంటకి ఆ రైతు నెల రోజుల్లో సీడ్ వదలాలి. వారానికోసారి ఫోన్ చేస్తున్నాడు. 120 యూనిట్ల లెక్క ఉన్న కాగితం నా టేబుల్ మీద పేపర్‌వెయిట్ కింద ఉంది. కొటేషన్‌లో "ప్రభుత్వ సాయం" అనే గడి ఖాళీగా వదిలాను. మీరు ఏదైనా చెప్తారేమోనని ఇంకా ప్రింట్ తీయలేదు.

ఇట్లు,
భీమవరం నుంచి ఒక సోలార్ పనివాడు