జవాబు వంటింట్లోనే ఉంది!

టీవీలో క్విజ్ వస్తుంటే మన ఇళ్ళలో ఏం జరుగుతుందో మీకు తెలియనిదా? ఆయన, పిల్లలు ముందు గదిలో కూర్చుంటారు. మీరు పోపు వేస్తూ ఒక చెవి అటు వేసి ఉంచుతారు. ప్రశ్న వినగానే జవాబు నోటిదాకా వస్తుంది. "నాకేం తెలుసులే" అని మింగేస్తారు. తీరా చూస్తే అదే కరెక్టు! 2014లో నాగార్జునగారి 'మీలో ఎవరు కోటీశ్వరుడు' మొదలైనప్పుడు మా ఇంట్లోనూ ఇదే తంతు.

అలా మింగెయ్యకండి. మహారాష్ట్రలోని అమరావతి జిల్లాలో (మన అమరావతి కాదండోయ్) బబితా తాడే అనే ఆవిడ బడిలో మధ్యాహ్న భోజనం వండేవారు. నెలకు జీతం 1,500 రూపాయలు. 2019లో 'కౌన్ బనేగా కరోడ్‌పతి'లో కోటి రూపాయలు గెలిచారు.

మనకు పుస్తకాలు తిరగేసే తీరిక ఎక్కడిదంటారా? పోపులడబ్బా మూత తియ్యండి చాలు. ఎండుమిర్చి మనది కాదు, అమెరికా ఖండాలది. పోర్చుగీసువాళ్ళు ఓడల్లో తెచ్చారు. అంతకుముందు మనవాళ్ళకు కారమంటే మిరియాలే. గుంటూరు ఆడపడుచులు నన్ను క్షమించాలి! ఇంగువ అయితే ఒక మొక్క వేరు నుంచి కారే జిగురు. ఇరాన్, అఫ్ఘనిస్తాన్‌ల నుంచి కొనుక్కుంటున్నాం. మన దేశంలో సాగు కోసం 2020లో హిమాచల్ ప్రదేశ్‌లోని లాహౌల్ లోయలో మొక్కలు నాటారు.

ఇక పసుపు. దీని కథ పిల్లలకు తప్పక చెప్పండి. గాయాలు మానడానికి పసుపు వాడే పద్ధతి తమదేనంటూ అమెరికాలో 1995లో పేటెంటు తీసుకున్నారు. వేలు తెగితే పసుపు అద్దడం మన అమ్మమ్మలకు తెలియదా? మన సి.ఎస్.ఐ.ఆర్. శాస్త్రజ్ఞులు పాత సంస్కృత, ఉర్దూ గ్రంథాలు వెదికి సాక్ష్యాలు పట్టుకెళ్ళారు. 1997లో ఆ పేటెంటు రద్దయింది.

కుక్కర్ విజిల్ వేసిందా? దాని మూలపురుషుడు 1679 నాటి ఫ్రెంచివాడు, డెనిస్ పాపిన్.

ఈ రాత్రి భోజనాల దగ్గర మీరే క్విజ్ మాస్టరవ్వండి. చింతచెట్టు పుట్టిల్లు ఏదని అడగండి. అందరూ ఇండియా అంటారు. ఇంగ్లీషులో దాని పేరుకు మూలమైన అరబ్బీ మాటకు 'హిందూదేశపు ఖర్జూరం' అని అర్థం కనుక, బాగా చదువుకున్నవాళ్ళు కూడా అక్కడే బోల్తాపడతారు. పుట్టిల్లు ఆఫ్రికా. జవాబు మాత్రం చారు వడ్డించాకే చెప్పండి!