ముందు వేషం, ఆ తర్వాతే యుద్ధం

ఆట మొదలుపెట్టి గంటయింది. కొత్త ఆటగాడు ఇంకా ఒక్క దొంగను కూడా కొట్టలేదు. తెర మీద తన బొమ్మను అటూ ఇటూ తిప్పుకుంటూ, చేతి తొడుగులకు ఎరుపు బాగుంటుందా నీలం బాగుంటుందా అని తేల్చుకోలేక కూర్చున్నాడు. భుజాలు కాస్త వెడల్పు చేశాడు. గడ్డం పెట్టి తీసేశాడు. నుదుట కొమ్ములు మొలిపించి, మరీ రాక్షసుడిలా ఉన్నాడనిపించి పీకేశాడు. 'సిటీ ఆఫ్ హీరోస్' అనే ఆటతో చాలామందికి తొలి పరిచయం ఇలాగే జరిగింది. పక్కనుంచి చూసేవాళ్లకు అది ఉత్త కాలక్షేపం. నిజానికి అసలు రుచి ఆ గంటలోనే ఉంది. ఆ మాటకొస్తే, ఒక సూపర్‌హీరో ఆన్‌లైన్ ఆట నిలబడుతుందో లేదో చెప్పడానికి ఆ గంట చూస్తే చాలు.

నాటకాల వాళ్లకు ఈ సంగతి వింతగా ఉండదు. ఆహార్యాన్ని అభినయంలో ఒక భాగంగానే లెక్కగట్టిన సంప్రదాయం మనది. భుజకీర్తులు కట్టి, కిరీటం పెట్టాకే నటుడి నడక మారుతుంది, గొంతు మారుతుంది. ఇక్కడా అంతే. వేషం కుదిరాకే ఆటగాడికి తానెవరో తెలుస్తుంది.

ఈ ఆట 2004 ఏప్రిల్ చివరలో అమెరికాలో విడుదలైంది. తయారుచేసింది కాలిఫోర్నియాకు చెందిన క్రిప్టిక్ స్టూడియోస్, మార్కెట్లోకి తెచ్చింది కొరియా సంస్థ ఎన్‌సీసాఫ్ట్. కథ జరిగేది పారగాన్ సిటీ అనే కల్పిత నగరంలో. అమెరికాలోకెల్లా చిన్న రాష్ట్రమైన రోడ్ ఐలాండ్‌లో అది ఉన్నట్టు ఊహించుకోవాలి. గేటు దగ్గరే ఆట వరసగా ప్రశ్నలు వేస్తుంది. నీకు శక్తి ఎలా వచ్చింది? పుట్టుకతో వచ్చిన మార్పా, మంత్రమా, ప్రయోగశాలలో జరిగిన ప్రమాదమా, యంత్రమా, లేక ఒట్టి సాధనా? జట్టులో నీ పని ఏమిటి? దెబ్బలు కాచుకునే ట్యాంకర్‌వా, దూరం నుంచి నిప్పులు కురిపించే బ్లాస్టర్‌వా, పక్కవాళ్లను కాపాడే డిఫెండర్‌వా? ఆ తర్వాత వేషం. చివర్లో పేరు, దాని కింద సొంత కథ రాసుకోవడానికి ఒక ఖాళీ పెట్టె. మంచి పేర్లన్నీ అప్పటికే ఎవరో ఒకరు పట్టుకుపోయి ఉంటారు. నచ్చిన పేరు 'ఇప్పటికే ఉంది' అని పదోసారి చూసినప్పుడు కలిగే చిరాకు కూడా ఈ తొలి పరిచయంలో భాగమే.

ఇందులో ఒక చిన్న నిర్ణయం చాలా దూరం వెళ్లింది. ఈ ఆటలో బట్టలకూ బలానికీ సంబంధం లేదు. అదే ఏడాది నవంబరులో వచ్చి ప్రపంచాన్ని ఊపేసిన 'వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్'లో మంచి కవచం దొరికితే, రంగు నప్పకపోయినా తొడుక్కోవాల్సిందే. అక్కడ బలం బట్టల్లో ఉంటుంది. పారగాన్ సిటీలో మాత్రం లుంగీ లాంటిది కట్టుకున్నవాడూ ఇనుప కవచం తొడిగినవాడూ ఒకే దెబ్బ కొట్టగలరు. అందుకే ఎవరి వేషం వాళ్ల మనసులోంచి వచ్చింది. ఫోన్ ఆటల్లో చొక్కా రంగు మార్చడానికి కూడా డబ్బు కట్టడం అలవాటైన నేటి కుర్రాళ్లకు, మొదటి నిమిషంలోనే వేలాది ముక్కలున్న బట్టల బీరువా తెరిచిపెట్టిన ఈ ఉదారత నమ్మశక్యంగా ఉండకపోవచ్చు.

ఒక్కటి మాత్రం ఆ బీరువాలో లేదు. కేప్! సూపర్‌హీరో అనగానే వీపున రెపరెపలాడే ఆ గుడ్డ విడుదలైనప్పుడు ఆటలో లేనే లేదు. గాలికి కదిలే బట్టను కంప్యూటర్‌లో నమ్మేలా చూపించడం ఆనాటికి తేలిక కాదు. కొన్ని నెలల తర్వాత కేపులు వచ్చాయి, అవీ 20వ లెవెల్‌కు చేరినవాళ్లకే. ఇన్నాళ్లూ ఎందుకు లేవో చెప్పడానికి ఆటను రాసినవాళ్లు ఒక కథ అల్లారు. రిక్టీ అనే గ్రహాంతరవాసుల దండయాత్రలో ఊరిని కాపాడి మాయమైపోయిన 'హీరో 1' గౌరవార్థం కొత్త వీరులెవరూ కేప్ కట్టుకోవడం లేదట. సాంకేతిక లోటును సంతాపంగా మార్చిన ఈ నేర్పుకు దండం పెట్టాలి.

వేషం ముగిశాక వీధి. మహమ్మారి చుట్టుముట్టిన ఒక పేటలో నాలుగు పాఠాలు నేర్పి, ఆట కొత్తవాళ్లను అట్లాస్ పార్క్‌లో వదిలిపెడుతుంది. భూగోళాన్ని భుజాన మోస్తున్న బ్రహ్మాండమైన విగ్రహం, దాని వెనక సిటీ హాల్, మెట్ల మీద గుంపులు గుంపులుగా రంగురంగుల మనుషులు. ఒకడు ఒళ్లంతా మంటతో నిలబడి ఉంటాడు. పక్కనే తోకున్న మనిషి, ఇంకో మూల ముసలమ్మ వేషంలో ఎవరో. మొదటిసారి అడుగుపెట్టినవాళ్లు శత్రువుల కోసం వెతకరు, పక్కవాళ్ల బట్టలు చూస్తారు. ఆటగాళ్లే ఆ విగ్రహం కింద వేషాల పోటీలు పెట్టేవాళ్లు. గెలిచినవారికి బహుమతులు వాళ్ల జేబులోంచే.

నాలుగడుగులు వేస్తే పని కనిపిస్తుంది. ఫుట్‌పాత్ మీద ఓ మహిళ తన సంచీని గట్టిగా పట్టుకుని ఉంటుంది. హెలియన్స్ ముఠా రౌడీ ఒకడు దాన్ని లాగుతుంటాడు. ఆవిడ ఇటు, వాడు అటు. ఎవరూ రాకపోతే ఈ లాగులాట అలా సాగుతూనే ఉంటుంది. కొత్త హీరో వెళ్లి నాలుగు తగిలిస్తాడు. ఆవిడ కృతజ్ఞత చెప్పి వెళ్లిపోతుంది. అంతే, అంత చిన్న పని. అయినా కత్తులూ రాక్షసులూ నిండిన ఆటలు ఆడివచ్చినవాళ్లకు ఇదొక కొత్త అనుభవం. ఎలుకల్ని చంపి తోకలు తెమ్మనే పని కాదు ఇది, మనిషికి సాయం చేసే పని. ప్రతిఫలంగా బంగారమూ రాదు. ఈ ఆటలో నాణెం పేరు 'ఇన్‌ఫ్లుయెన్స్', అంటే ఊళ్లో పలుకుబడి. కాపాడినందుకు హీరో డబ్బు పుచ్చుకోకూడదు కదా! ఆ పలుకుబడితోనే సామాన్లు కొనుక్కోవచ్చన్నది వేరే సంగతి. మన ఊళ్లలోనూ పలుకుబడితో చాలానే కొనొచ్చు.

అన్నీ మెచ్చుకోదగ్గవే అనుకుంటే పొరపాటు. నగరం మహా విశాలం, తొలిరోజుల్లో హీరోకేమో రెక్కలు లేవు. ఎగరడం, ఆమడ దూరాలు గెంతడం, మెరుపులా పరుగెత్తడం, మాయమై ఇంకోచోట తేలడం, ఇవన్నీ 14వ లెవెల్‌కు గానీ దక్కేవి కావు. అందాకా పేట నుంచి పేటకు కాళ్లీడ్చుకుంటూ పరుగే. దారిలో తనకంటే బలమైన ముఠా ఎదురైతే నేరుగా ఆసుపత్రిలో కళ్లు తెరవాలి. కాస్త పై లెవెళ్లలో అయితే నెత్తిన అప్పు కూడా పడేది. ఆ తర్వాత సంపాదించే అనుభవంలో సగం ఆ అప్పు తీర్చడానికే పోతుంది. ఆసుపత్రీ అప్పూ ఒకేసారి రావడం మన మధ్యతరగతికి బాగా తెలిసిన వాస్తవికత! లోపల చేసే పనులు కూడా కొన్నాళ్లకు ఒకే అచ్చులో పోసినట్టు అనిపిస్తాయి. అదే గోదాము, అదే ఆఫీసు, అవే గుహలు.

అయినా ఆ 14 లెవెళ్ల ఎదురుచూపును పూర్తిగా తప్పుపట్టలేం. రోజుల తరబడి కిందనుంచి చూసిన భవనాల అంచులు మొదటిసారి పాదాల కిందికి జారుతుంటాయి. అట్లాస్ మోస్తున్న గోళం తల ఎత్తకుండానే ఎదురుగా కనిపిస్తుంది. వీధి శబ్దం తగ్గిపోతుంది. అలా ఎగిరిన క్షణాన్ని చాలామంది ఆటగాళ్లు ఏళ్ల తర్వాత కూడా మరిచిపోలేదు. తర్వాతి కాలంలో ఈ హద్దును 4వ లెవెల్‌కు దించారు. ఉద్యోగం చేసుకుంటూ రాత్రి గంటసేపు ఆడుకునేవాళ్లకు అది న్యాయమే. 2011 జనవరిలో వచ్చిన 'డీసీ యూనివర్స్ ఆన్‌లైన్' ఇంకో అడుగు ముందుకేసి, మొదటి నిమిషం నుంచే ఎగరనిచ్చింది. సదుపాయమే కానీ, అడగకుండానే వడ్డించిన ఎగురుడులో ఆ గుండె ఝల్లుమనే క్షణం దొరకదు.

ఎగరడం వచ్చాక ఇంకొకటి జరుగుతుంది. ఈ రకం ఆటల మీద పెట్టాల్సిన అసలు ఫిర్యాదు అదే. ప్రతి శత్రువు పేరూ ఒక రంగులో కనిపిస్తుంది. తెలుపైతే సమ ఉజ్జీ, ఎరుపు దాటి ఊదాలోకి వెళితే ప్రాణాల మీద ఆశ వదులుకోవాలి, బూడిద రంగైతే కొట్టినా చిల్లిగవ్వ రాదు. హీరో ఎదిగేకొద్దీ అట్లాస్ పార్క్ రౌడీలంతా బూడిద రంగులోకి మారిపోతారు. అప్పుడు అదే హీరో అదే ఫుట్‌పాత్ మీదుగా ఎగిరిపోతూ, సంచీ కోసం పెనుగులాడుతున్న ఆ మహిళను చూసి కూడా ఆగడు. ఆగితే లాభం లేదు. ఏ కామిక్ పుస్తకంలోనూ సూపర్‌మ్యాన్ ఇలా లెక్క చూసుకోడు. మనిషికి సాయం చేయడంతో మొదలైన ఆటను అంకెలు ఇలా మింగేస్తాయి. ఎంత అందమైన వేషం కట్టినా లోపల ఉన్నది లెవెళ్ల యంత్రమే.

దీనికి విరుగుడుగా ఆటలోనే ఒక చక్కని ఏర్పాటు ఉండేది. 'సైడ్‌కిక్' పద్ధతిలో పెద్ద హీరో ఒక కొత్తవాడిని వెంటేసుకుంటే, ఆ కొత్తవాడి బలం తాత్కాలికంగా పెద్దవాడి దరిదాపులకు చేరుతుంది. ఆ మధ్యాహ్నమే చేరిన తమ్ముడూ ఆరు నెలలుగా ఆడుతున్న అన్నయ్యా ఒకే జట్టులో పోరాడొచ్చు. ఇతర ఆటల్లో స్నేహితులను విడదీసే గోడ లెవెలే. ఆ గోడకు 2004లోనే తలుపు పెట్టడం మామూలు విషయం కాదు.

మనుషులకు వేషాల పెట్టె చేతికిస్తే ఏం చేస్తారో ఊహించడం కష్టం కాదు. కొందరు తమకు తెలిసిన హీరోలనే దించేశారు. 2004 నవంబరులో మార్వెల్ సంస్థ కోర్టుకెక్కింది. హల్క్, వుల్వరిన్‌లను పోలిన బొమ్మలు ఈ ఆటలో తయారవుతున్నాయని దాని అభియోగం. తీరా చూస్తే, సాక్ష్యంగా చూపిన బొమ్మల్లో కొన్నింటిని మార్వెల్ తరఫువాళ్లే తయారుచేశారని తేలింది. 2005 మార్చిలో జడ్జి వాటిని పక్కన పెట్టారు. ఆ డిసెంబరులో రాజీ కుదిరింది, వేషాల పెట్టెకు మాత్రం ఏ తాళమూ పడలేదు. 1980లో ఎన్టీఆర్ నటించిన 'సూపర్‌మ్యాన్' చూసిన తెలుగువాళ్లకు అరువు వేషం ఎంత సరదాగా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. అయితే అరువు వేషగాళ్లకంటే సొంత వేషగాళ్లదే ఆ నగరమన్నది అట్లాస్ పార్క్ మెట్ల మీద నిలబడి చూసినవారికి తెలుసు.

పేరున్న హీరోలు వచ్చిన ఆటల్లో ఈ సొంతదనం పలచబడింది. డీసీ ఆటలో వేషం మనదే, కానీ నీడ బ్యాట్‌మ్యాన్‌ది. ఆటగాడు ఆయనో, సూపర్‌మ్యానో, వండర్ ఉమనో చెప్పిన పని చేసిపెట్టే శిష్యుడు. పెద్ద హీరో పక్కన స్నేహితుడి పాత్ర లాంటిదన్నమాట. 2013లో వచ్చిన 'మార్వెల్ హీరోస్' ఏకంగా పేరున్న హీరోలనే చేతికిచ్చింది. ఒకే వీధిలో ముగ్గురు స్పైడర్‌మ్యాన్‌లు ఎదురుపడితే ఎవరు అసలు, ఎవరు నకలు? 2017లో అది మూతపడింది. కోట్ల మందికి తెలిసిన పేరు ఉంటే జనం వచ్చి చూస్తారు. ఉండిపోవడానికి మాత్రం తమదంటూ ఏదో ఒకటి అక్కడ ఉండాలి.

ఆ మమకారం ఎంత గట్టిదో 2012లో బయటపడింది. ఆగస్టు 31న ఎన్‌సీసాఫ్ట్ ఆటను ఆపేస్తున్నట్టు ప్రకటించింది. ఆటగాళ్లు తమ హీరోల చేతికి కాగడాలిచ్చి అట్లాస్ పార్క్‌లో బారులు తీరారు. నవంబరు 30న సర్వర్లు ఆగిపోయాయి. ఎనిమిదేళ్లుగా కుట్టుకున్న వేషాలు, రాసుకున్న కథలు ఒక్క రాత్రిలో మాయమయ్యాయి. హీరో ఆటగాడివాడే, కానీ వాడు నిలబడిన నేల కంపెనీది. ఈ సంగతి ముందెన్నడూ తట్టనివారికి ఆ రాత్రి తెలిసొచ్చింది.

కథ అక్కడితో ఆగలేదు. కొందరు ఈ ఆటను ఏళ్ల తరబడి రహస్యంగా నడుపుకుంటున్నారని 2019 ఏప్రిల్‌లో పొక్కింది. పెద్ద గొడవయ్యాక కోడ్ అందరి చేతికీ వచ్చింది. అందులోంచి పుట్టిన 'హోమ్‌కమింగ్' అనే బృందానికి 2024 జనవరిలో ఎన్‌సీసాఫ్టే లైసెన్స్ ఇచ్చింది. ఆడటానికి రుసుము లేదు, సర్వర్ల ఖర్చు చందాలతో గడుస్తుంది. అమెరికా తూర్పు తీరంలో చలికాలం రాత్రి 8 గంటలైతే మనకు తెల్లవారి 6:30. హైదరాబాద్‌లోనో విశాఖలోనో ఆ వేళకు లేచి కంప్యూటర్ తెరిచేవారికి అట్లాస్ పార్క్ మంచి సందడిలో దొరుకుతుంది. మెట్ల మీద వేషాలు కళకళలాడుతుంటాయి. పైన 50వ లెవెల్ హీరోలు రివ్వున దూసుకుపోతుంటారు. కింద ఫుట్‌పాత్ మీద ఆ మహిళ ఇటు, ఆ హెలియన్ అటు. ఇరవై ఏళ్లు దాటినా ఆ సంచీ ఇంకా ఎవరి చేతికీ పూర్తిగా రాలేదు.