డ్రిప్ మర్నాటి తలపోటు

ఇమ్యునోగ్లోబులిన్ ప్రాణం నిలబెడుతుంది. వెంట చలి, వికారం, నీరసం కూడా తెస్తుంది. వాటిని తగ్గించుకునే ఉపాయాలు ఉన్నాయి, వాటిలో చాలావాటికి ఖర్చు లేదు

నెలకోసారి ఆ ఇంట్లో క్యాలెండర్ మీద రెండు తేదీలకు సున్నా చుడతారు. మొదటిది ఆసుపత్రికి, రెండోది తలపోటుకు. ఒంట్లో ప్రతిరక్షకాలు తయారుకాని పిల్లవాడున్న ఇల్లు ఏదైనా వరస దాదాపు ఇదే. తెల్లారగట్ల బస్సెక్కాలి. పడక దొరకాలి. మందు సీసాలు కొని తేవాలి. గంటల తరబడి చుక్కచుక్కగా ఎక్కించాలి. సాయంత్రం నవ్వుతూ ఇల్లు చేరిన పిల్లవాడు మర్నాడు దిండు మీంచి తలెత్తడు. కొన్ని నెలలు ఇలా గడిచాక తల్లి మనసులో ఒక ప్రశ్న మొదలవుతుంది: ఈసారికి మానేస్తే ఏమవుతుంది?

వెంటనే ఏమీ కాదు. ఇబ్బందంతా అక్కడే ఉంది. ఎక్కించిన ప్రతిరక్షకాల్లో సగం సుమారు మూడు వారాల్లో ఖర్చయిపోతాయి. మూడు నాలుగు వారాలకోసారి మళ్లీ ఎక్కించేది అందుకే. ఒక నెల తప్పినా పిల్లవాడు ఆడుకుంటూనే కనిపించవచ్చు. ఆ తర్వాత చెవిలో చీము, సైనస్, న్యుమోనియా ఒకటొకటిగా తిరిగొస్తాయి. పదేపదే న్యుమోనియా వస్తే ఊపిరితిత్తుల గొట్టాలు సాగి పాడైపోతాయి. వాటిని మళ్లీ మామూలు స్థితికి తెచ్చే మందు లేదు. తలపోటు రెండు రోజుల్లో పోతుంది, ఈ నష్టం పోదు. దుష్ఫలితాలను ఓర్చుకోవాల్సిన కర్మగా వదిలేయకుండా చికిత్సలో భాగంగా చూడాల్సింది ఇందుకే.

వేలమంది రక్తం నుంచి

ఈ చికిత్సకు ఆద్యుడు ఆగ్డెన్ బ్రూటన్ అనే అమెరికన్ సైనిక వైద్యుడు. మాటిమాటికీ ఇన్ఫెక్షన్ల పాలవుతున్న ఎనిమిదేళ్ల కుర్రవాడి రక్తంలో గామా గ్లోబులిన్ లేదని గుర్తించి, దాన్ని చర్మం కింద ఇంజెక్షన్‌గా ఇచ్చి ఫలితం సాధించాడు. ఆ సంగతి 1952లో లోకానికి వెల్లడించాడు. తర్వాత చాలా ఏళ్లు కండకు పొడిచే బాధాకరమైన ఇంజెక్షన్లే దిక్కయ్యాయి. నరానికి ఎక్కించే రకాలు 1980లలో వాడకంలోకి వచ్చాయి.

ఒక్కో బ్యాచ్ మందును వేలమంది దాతల ప్లాస్మా కలిపి తయారుచేస్తారు. అంతమంది శరీరాలు నేర్చుకున్న రక్షణ ఒక సీసాలోకి చేరుతుంది. పుట్టుకతో వచ్చే లోపాలకు కిలో బరువుకు 400 నుంచి 600 మిల్లీగ్రాముల మోతాదు మామూలు. గిలన్ బారీ, సీఐడీపీ వంటి నరాల జబ్బులకు, ప్లేట్‌లెట్లు పడిపోయే ఐటీపీకి, పిల్లల్లో వచ్చే కవాసాకీ వ్యాధికి మోతాదు కిలోకు 2 గ్రాముల దాకా వెళ్తుంది. మోతాదు పెరిగినకొద్దీ దుష్ఫలితాలూ పెరుగుతాయి.

మొదటి గంటలోనే వచ్చేవి చలి, జ్వరం, ముఖం ఎర్రబడటం, నడుంనొప్పి, గుండెదడ. వీటిలో ఎక్కువ భాగం మందు ఎక్కే వేగంతో ముడిపడినవే. డ్రిప్ ఆపినా, నెమ్మది చేసినా చాలావరకు సర్దుకుంటాయి. రెండో రకం ఇంటికెళ్లాక మొదలవుతుంది. తలపోటు, ఒళ్లునొప్పులు, వికారం, మంచం దిగనివ్వని నీరసం ఒకటి నుంచి మూడు రోజులు వేధిస్తాయి. డాక్టరు చూడని బాధ ఇదే. రోగి చెబితే తప్ప చీటీలోకి ఎక్కదు.

తొందరే మొదటి శత్రువు

60 కిలోల మనిషికి మొదటి అరగంట గంటకు 30 మిల్లీలీటర్ల వేగం దాటకుండా మొదలుపెట్టడం ఒక పద్ధతి. ఒంటికి పడిందని తేలాక అంచెలంచెలుగా పెంచుతారు. కచ్చితమైన లెక్క మందును బట్టి మారుతుంది, పెట్టెలోని కాగితం మీద ఉంటుంది. ఆసుపత్రిలో మాత్రం పడక కోసం మరొకరు కాచుకుని ఉంటారు, ఊరికెళ్లే చివరి బస్సు వేళ దగ్గరపడుతుంది. 'కాస్త పెంచమ్మా' అని బంధువులే నర్సును అడుగుతారు. ఆదా అయిన గంట మర్నాడు తలపోటు రూపంలో వడ్డీతో సహా తీరుతుంది. కిందటిసారి ఏ వేగం దగ్గర బాగుందో రాసి ఉంచుకుని నర్సుకు చూపిస్తే ఈ గొడవ సగం తగ్గుతుంది. పెద్ద మోతాదును ఒక రోజులో కాకుండా రెండు మూడు రోజులకు పంచమని అడగటంలోనూ తప్పులేదు.

రెండో ఉపాయం నీళ్లు. రక్తపరీక్షకు వెళ్లినట్టు పరగడుపున వెళ్లేవారున్నారు. ఆ అవసరం లేదు. ముందురోజు నుంచే నీళ్లు, మజ్జిగ బాగా తాగి, పొద్దున్న టిఫిన్ తిని వెళ్లాలి. తలపోటును తగ్గించడానికే కాదు, మూత్రపిండాల మీద భారం పడకుండానూ ఇది ముఖ్యం. గుండె, కిడ్నీ జబ్బులున్నవారు ఎంత తాగాలో డాక్టరునే అడగాలి. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాను వెంటనే ఎక్కించకుండా గది వేడికి రానివ్వాలి. వేడినీళ్లలో ముంచకూడదు, కుదపకూడదు.

డ్రిప్‌కు అరగంట ముందు పారాసిటమాల్, అలర్జీ మాత్ర ఇవ్వటం మామూలే. వాటితోనూ ఆగకపోతే కొందరికి స్టెరాయిడ్ ఇస్తారు. ఆ నిర్ణయం డాక్టరుది. తలపోటు ఎప్పుడూ మర్నాడే వచ్చేవారు సాయంత్రం వేసుకోవాల్సిన మాత్ర గురించి ముందే అడిగి తెచ్చుకోవాలి. ఇంట్లో ఉన్న నొప్పి మాత్ర ఏదో ఒకటి మింగటం మంచిది కాదు. వాటిలో కొన్ని మూత్రపిండాలకు చేటు. జ్వరంతో, ముదిరిన ఇన్ఫెక్షన్‌తో ఉన్నప్పుడు ఎక్కిస్తే చలి, వణుకు ఎక్కువ. ఆ సంగతి సూది గుచ్చకముందే చెప్పాలి.

మందు మారినా ఒళ్లు గుర్తుపడుతుంది. ఒక కంపెనీ సరుకు పడినవారికి మరొకటి పడకపోవచ్చు. వీలైనంతవరకు ఒకే రకానికి కట్టుబడాలి. దొరక్క మార్చాల్సి వస్తే మొదటిసారి ఎక్కించుకుంటున్నట్టే నెమ్మదిగా మొదలుపెట్టాలి. అందుకే ఒక నోటుపుస్తకం కావాలి: తేదీ, మందు పేరు, బ్యాచ్ నంబరు, వేగం, వచ్చిన బాధ, అది తగ్గిన రోజు. నాలుగు నెలల రాత చేతిలో ఉంటే డాక్టరుకు చెప్పటానికి 'ఏదో నలతగా ఉంటోందండీ' కంటే గట్టి మాట దొరుకుతుంది.

కొన్ని రకాల్లో మాల్టోజ్ అనే చక్కెర ఉంటుంది. ఇంట్లో వాడే కొన్ని గ్లూకోజ్ మీటర్లు దాన్ని కూడా గ్లూకోజ్‌గానే లెక్కగట్టి ఎక్కువ చూపిస్తాయి. ఆ అంకె నమ్మి ఇన్సులిన్ పెంచితే ప్రమాదం. మధుమేహం ఉన్నవారు ఈ విషయం ముందే కనుక్కోవాలి. ఎవరి ఒంట్లోవో ప్రతిరక్షకాలు చేరతాయి కాబట్టి కొన్ని రక్తపరీక్షలు లేని జబ్బును ఉన్నట్టు చూపించే అవకాశమూ ఉంది.

ఎప్పుడు పరుగెత్తాలి?

అన్నీ ఓర్చుకోదగ్గవి కావు. భరించలేని తలపోటుతో పాటు మెడ బిగుసుకుపోయి, వెలుగు చూడలేకపోతే మెదడు పొరల వాపు కావచ్చు. క్రిములు లేకుండా వచ్చే ఈ వాపు అరుదు, సాధారణంగా పూర్తిగా తగ్గుతుంది. పార్శ్వపు తలనొప్పి ఉన్నవారికి అవకాశం ఎక్కువ. ఒక కాలు వాచి నొప్పెట్టినా, ఛాతీలో నొప్పి, ఆయాసం వచ్చినా రక్తం గడ్డకట్టిందేమో చూడాలి. ఈ ముప్పు గురించి మందు సమాచార పత్రాల్లో ప్రత్యేక హెచ్చరిక ఉండాలని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2013లో ఆదేశించింది. మూత్రం బాగా తగ్గితే కిడ్నీలను, ముదురు రంగులో వస్తే ఎర్ర రక్తకణాలను పరీక్షించాలి. కణాలు చితికిపోయే ప్రమాదం పెద్ద మోతాదు తీసుకునే ఏ, బీ, ఏబీ గ్రూపులవారికి ఎక్కువ. డ్రిప్ నడుస్తుండగా దద్దుర్లు, గొంతు పట్టేయటం, పిల్లికూతలు మొదలైతే మొహమాటపడకుండా వెంటనే పిలవాలి.

ఎంత జాగ్రత్తపడ్డా నరానికి ఎక్కించే పద్ధతి పడనివారికి మరో దారి ఉంది. బ్రూటన్ మొదలుపెట్టిన చోటికే, చర్మం కిందికి, వైద్యం మళ్లీ వచ్చింది. చిన్న పంపుతో వారానికోసారి ఇంట్లోనే కొద్దికొద్దిగా ఎక్కించుకోవచ్చు. సూది గుచ్చినచోట వాపు, దురద ఉంటాయి గానీ తలపోటు, చలి బాగా తగ్గుతాయి. మన దేశంలో ఇది ఇంకా అందరికీ అందుబాటులో లేదు.

అసలు ఈ మందే చాలా ఇళ్లకు మోయలేని బరువు. కేంద్రం 2021లో తెచ్చిన జాతీయ అరుదైన వ్యాధుల విధానంలో పుట్టుకతో వచ్చే రోగనిరోధక లోపాలకు ఇచ్చే ఇమ్యునోగ్లోబులిన్ చికిత్స ఉంది. సాయం పరిమితిని 2022లో రూ. 50 లక్షలకు పెంచారు. హైదరాబాద్‌లో సీడీఎఫ్‌డీ, నిమ్స్ కలిసి ఆ కేంద్రం బాధ్యత చూస్తాయి. అయితే జీవితాంతం సాగే చికిత్సకు ఏ పరిమితైనా ఎప్పుడో ఒకప్పుడు తరిగిపోయేదే. ఇంత కష్టపడి సంపాదించిన సీసాను తలపోటుకు భయపడి వదులుకోవాల్సి రావటం కంటే అన్యాయం లేదు. డ్రిప్ పెట్టేవారు ఒక గంట ఎక్కువ ఇచ్చి, పెట్టించుకునేవారు ఒక నోటుపుస్తకం వెంట తెచ్చుకుంటే క్యాలెండర్‌లో ఆ రెండో సున్నా చుట్టాల్సిన అవసరం చాలా ఇళ్లలో తప్పుతుంది.