పింఛను లెక్క మొదటి జీతం రోజు నుంచే మొదలవ్వాలి



సీపీఎస్, జీపీఎస్, యూపీఎస్ అని మెసేజ్‌లు వస్తే మనలో చాలామందిమి చదవకుండా దాటేస్తాం. ఇంకా ఉద్యోగమే లేదు, అప్పుడే పింఛను గొడవెందుకు అని. మన ఇళ్లల్లో పింఛను అంటే అవ్వకీ తాతకీ ఒకటో తారీఖున ఇచ్చేదే. జీతంలోంచి కట్ అయ్యే పింఛను సంగతి చెప్పేవాళ్లు ఇంట్లో ఎవరున్నారు? అందుకే డీఎస్సీకీ, రైల్వేకీ చదువుతున్న మేము హాస్టల్లో కూర్చుని లెక్క వేసి చూశాం. ఈ మార్పుల్లో ఎక్కువ నష్టపోయేది ఆలస్యంగా ఉద్యోగంలోకి వచ్చేవాళ్లే. అంటే మనమే.

ముందు సంగతేంటో క్లుప్తంగా చెప్తాం. పాత పింఛనుకు ఉద్యోగి జీతంలోంచి ఏమీ కట్టేవాడు కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 సెప్టెంబర్ 1 నుంచి చేరినవాళ్లకు సీపీఎస్ పెట్టారు. బేసిక్, డీఏ కలిపిన దాంట్లో ఉద్యోగి 10 శాతం, సర్కారు 10 శాతం వేస్తాయి. ఆ డబ్బు మార్కెట్లో పెరుగుతుంది. రిటైరయ్యాక 60 శాతం దాకా చేతికి తీసుకోవచ్చు, మిగతాదానితో నెలనెలా వచ్చే పింఛను కొనుక్కోవాలి. ఎంతొస్తుందో ముందే ఎవరూ చెప్పలేరు.

ఇక్కడ ఒకటి గమనించండి. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అని జీవో 3 వచ్చింది 2000లో. మనవాళ్లకు తలుపు తెరుచుకున్న నాలుగేళ్లకే పాత పింఛను తలుపు మూసేశారు. 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ జీవోని కూడా కొట్టేసింది. అందుకే మన ఊళ్లల్లో పాత పింఛను తీసుకునే సార్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

ఇప్పుడు మార్పుల సంగతి. కేంద్రం 2019 ఏప్రిల్ నుంచి తన ఉద్యోగులకు తన వాటాను 14 శాతం చేసింది. బేసిక్, డీఏ కలిపి 40,000 ఉంటే 10 శాతానికి 4,000, 14 శాతానికి 5,600. నెలకు 1,600 తేడా. 2025 ఏప్రిల్ నుంచి కేంద్రంలో యూపీఎస్ వచ్చింది. అందులో ఉద్యోగి 10 శాతమే కడతాడు, కేంద్రం వాటా 18.5 శాతం. చివరి 12 నెలల సగటు బేసిక్‌లో సగం పింఛనుగా ఇస్తామన్నారు. ఆంధ్రప్రదేశ్ 2023లో జీపీఎస్ చట్టం చేసి చివరి బేసిక్‌లో 50 శాతానికి హామీ అంది. ఉద్యోగ సంఘాలు ఒప్పుకోలేదు, పాతదే కావాలన్నాయి.

వినడానికి 50 శాతం బాగానే ఉంది. కానీ యూపీఎస్‌లో అది పూర్తిగా రావాలంటే 25 ఏళ్ల సర్వీసు ఉండాలి. రైల్వేలో 38 ఏళ్లకు చేరిన మన అన్న 60కి రిటైరైతే 22 ఏళ్లే. అతనికి వచ్చేది 44 శాతం. సగటు బేసిక్ 50,000 అనుకుంటే 25,000 బదులు 22,000. వయసు సడలింపు ఇచ్చి లోపలికి రానిచ్చారు, పింఛను దగ్గర ఆ సడలింపునే కోసేశారు.

సీపీఎస్‌లో ఇంకా ఘోరం. 2025 డీఎస్సీలో ఎస్టీలకు 49 ఏళ్ల దాకా అవకాశం ఇచ్చారు. 45కి చేరితే 62 వచ్చేసరికి 17 ఏళ్లే. 27కి చేరినవాళ్లకు 35 ఏళ్లు. వడ్డీ మీద వడ్డీ పెరిగేది మొదట్లో వేసిన డబ్బే, ఆ మొదటి ఏళ్లే మనకు లేవు.

మరి ఆ ఏళ్లు ఎక్కడికి పోయాయి? మనవాళ్లు ఖాళీగా ఏమీ లేరు. ఆశ్రమ పాఠశాలల్లో సీఆర్టీలుగా, గురుకులాల్లో ఔట్‌సోర్సింగ్ మీద అదే పాఠం, అదే నైట్ డ్యూటీ చేశారు. పీఎఫ్ కట్ అయినవాళ్లకు కూడా ఆ పీఎఫ్ పింఛను ఎంత? 2014లో కనీసం 1,000 రూపాయలు అన్నారు. పదేళ్లు పిల్లలకు చదువు చెప్పిన అక్క రెగ్యులర్ అయిన రోజున పింఛను లెక్కలో కొత్తగా చేరినట్టే.

పాత పింఛను తెస్తే ఖజానా ఖాళీ అయి కొత్త పోస్టులు రావు అని మన గ్రూపులోనే కొందరు అంటున్నారు. ఆ భయం ఉత్తది కాదు, నోటిఫికేషన్ కోసం చూసేది మనమే కదా. కానీ పోస్టులు నింపకుండా కాంట్రాక్టు మీద నడిపి మిగిల్చింది కూడా మన పింఛను డబ్బే. అది కూడా లెక్కలోకి రావాలి.

అందుకే పాతదా కొత్తదా అనే దగ్గరే ఆగకుండా మేము అడిగేవి మూడు. రాష్ట్రాల్లో కూడా సర్కారు వాటా 14కి తగ్గకూడదు. కాంట్రాక్టు సర్వీసును పింఛను సర్వీసుగా లెక్కగట్టి, ఆ ఏళ్ల వాటా సర్కారే వేయాలి. వయసు సడలింపు మీద వచ్చినవాళ్లకు పూర్తి పింఛనుకు కావాల్సిన ఏళ్లను ఆ మేరకు తగ్గించాలి.

ఉద్యోగంలో ఉన్న అన్నలూ అక్కలూ, మీ ప్రాన్ ఖాతాలో మీ వాటా, సర్కారు వాటా రెండూ ప్రతి నెలా పడుతున్నాయో లేదో చూసుకోండి. సంఘం మీటింగుల్లో సీఆర్టీల సర్వీసు మాట కూడా ఎత్తండి. రేపు ఆ కుర్చీల్లోకి వచ్చేది మేమే.

జై ఆదివాసీ.