అంటుకోక తప్పని ఆట

మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ నేర్చుకుంటున్నానంటే మా డిపార్ట్‌మెంట్‌లో ఒకరు "పీహెచ్‌డీ వదిలేసి రౌడీయిజమా?" అని నవ్వారు. దళితుడు పిడికిలి బిగిస్తే రౌడీయిజం, అదే పని వాళ్లబ్బాయి చేస్తే ఫిట్‌నెస్.

బాక్సింగ్‌లో మొదట నేర్పేది దూరం. గడ్డం దించి, చేతులు పైకెత్తి, ఎదుటివాడి గుద్దు అందనంత ఎడంగా నిలబడి జబ్ విసరాలి. జియు జిట్సు ఆ దూరం పోయాకే మొదలవుతుంది. గార్డ్‌లో ఎదుటివాడి నడుముకు కాళ్లు పెనవేయాలి. అతని చెమట నా ముఖం మీద, నా ఊపిరి అతని మెడ మీద. కేరళలో ఒకప్పుడు ఏ కులం ఎన్ని అడుగుల దూరంలో ఆగాలో లెక్కలుండేవి. 1911లో ఇంగ్లండ్ వెళ్లిన జట్టులో మేటి బౌలర్ పల్వంకర్ బాలూ. అంతకు ముందు పూనాలో తోటి ఆటగాళ్లు ఆయనకు టీ బయటే, విడిగా మట్టి పాత్రలో ఇప్పించేవారు. ఆయన వేసిన బంతిని ముట్టుకున్నారు, ఆయనను కాదు. క్రికెట్‌లో అలా సాగింది. మ్యాట్ మీద సాగదు.

నాకు మరీ నచ్చింది ట్యాప్. మెడ బిగుసుకున్నప్పుడు చేత్తో తడితే చాలు, పైనున్నవాడు ఎంతటివాడైనా వెంటనే వదలాలి. 1985లో కారంచేడులో, 1991లో చుండూరులో ఆ నియమం లేదు.

అయితే మ్యాట్ దాకా రాగలిగేదెవరు? ఆలస్యంగానైనా ఫెలోషిప్ వస్తుంది కాబట్టి ప్రైవేటు జిమ్ ఫీజు నేను కడుతున్నాను. హాస్టల్‌లో ఉండే పీజీ తమ్ముళ్లు, చెల్లెళ్లు కట్టలేరు. యూనివర్సిటీ జిమ్‌లో నాలుగు మ్యాట్లు, ఒక కోచ్, అమ్మాయిలకు వీలైన వేళలు: ఈసారి మన సంఘాలు ఇచ్చే వినతిపత్రంలో ఇవి కూడా ఉండాలి.