త్యాగం చెయ్యమనడం తేలిక

ఏ సభకు వెళ్లినా ఇదే పాట. ఒక పెద్దమనిషి మైకు పట్టుకుని "ఈ కాలం డాక్టర్లకు సేవాభావం లేదు, పల్లెలకు పోరు" అంటారు. చప్పట్లు పడతాయి. ఆ పెద్దమనిషిగారి కొడుకు బెంగుళూరులో గుండె డాక్టరై ఉంటాడు. చివర్లో శాలువా కప్పేది కూడా అలాంటి వారికే. పల్లెలో ముప్పై ఏళ్లు సూదులు వేసిన మనిషికి మన తెలుగు సంఘాలు శాలువా కప్పగా నేను చూడలేదు.

నేను డాక్టర్ని కాను, బి.కాం. చదివి బ్యాంకులో చేరినవాణ్ణి. అయితే మా బావగారు హోసూరుకు ఆవల ఒక పల్లెలో 1981 నుంచి 35 ఏళ్లు ప్రాక్టీసు చేశారు. ఏటా ఆయన లెక్కలు రాసిపెట్టింది నేనే. కనుక ఆ వృత్తి నాకు చిట్టా వైపు నుంచి తెలుసు. చిట్టాకెక్కని పద్దులే ఎక్కువ: అర్ధరాత్రి తలుపు తట్టి పిలుచుకుపోయిన కాన్పులు, ఫీజుకు బదులు వచ్చిన రాగులు, అనపకాయలు. ఏ ఇంట్లో మూడు తరాలుగా చక్కెర జబ్బు ఉందో, ఎవరికి పెన్సిలిన్ పడదో, ఏ ముసలాయన మాత్రలు మింగినట్టు నటించి దిండు కింద దాస్తాడో ఆయనకు నోటికి వచ్చు. మా లెక్కల శాస్త్రంలో గుడ్‌విల్ అని ఒక పద్దు ఉంది, దాన్ని అమ్ముకోవచ్చు కూడా. ఆయన ఆసుపత్రి మూసినప్పుడు కొనేందుకు ఎవరూ రాలేదు.

రానివాణ్ణి తిట్టే ముందు కొంచెం లెక్క వేద్దాం. ప్రైవేటు కాలేజీలో చదవడానికి ఒక కుర్రవాడు 50 లక్షలు అప్పు చేశాడనుకోండి. పది శాతం వడ్డీ, పదేళ్ల గడువు. నెలకు వాయిదా 66 వేల పైమాటే. పల్లెలో ఫీజు 100 రూపాయలైతే రోజుకు 25 మందిని చూసిన డబ్బు, నెలలో 26 రోజులు, ఒక్క బ్యాంకుకే కట్టాలి. అద్దె, కాంపౌండరు జీతం, ఇంటి ఖర్చు ఆ తరువాత. ఇక సేవాభావం ఏ పద్దు కింద రాయమంటారు?

మేము బ్యాంకు వాళ్లం పల్లెలకు ఎలా పోయాం? త్యాగంతో కాదు సుమా! 1969లో 14 బ్యాంకులను జాతీయం చేశారు. 1977లో రిజర్వు బ్యాంకు, బ్యాంకులున్న చోట కొత్తగా ఒక శాఖ తెరవాలంటే బ్యాంకులే లేని చోట్ల నాలుగు తెరవాలని నిబంధన పెట్టింది. పల్లె సర్వీసు ఉంటేనే నాకు ప్రమోషన్ అన్నారు, జీతం సక్రమంగా ఇచ్చారు, పోయాను. మమ్మల్ని ఎవరూ మహాత్ములు కమ్మనలేదు. మరి డాక్టరు దగ్గరికి వచ్చేసరికి నిబంధన బదులు నీతిబోధ ఎందుకు?

నిబంధనలు కొన్ని లేకపోలేదు. చదువు ముగిశాక కొంతకాలం నిర్బంధ సర్వీసు చెయ్యాలని కర్ణాటక 2012లో చట్టం చేసింది. సర్వీసులో ఉన్న డాక్టర్లకు పి.జి. సీట్లు కేటాయించే అధికారం రాష్ట్రాలకు ఉందని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చింది. మంచివే. కానీ ఏడాది ఉండి పోయేవాడికి ఇంటిపేర్లు కూడా తెలియవు. పల్లెలో పనిచేసినందుకు బహుమతి పల్లె వదిలిపోయే టిక్కెట్టు! ఉండిపోయేవాడికి ఏమిస్తారో చెప్పండి. అప్పులో వడ్డీ మాఫీ చెయ్యండి, పట్నం వాడికన్నా ఎక్కువ జీతమివ్వండి, ఫ్యామిలీ మెడిసిన్ డిగ్రీకి గుండె డాక్టరు డిగ్రీతో సమాన హోదా ఇవ్వండి.

పల్లె డాక్టరంటే చదువు తక్కువవాడన్న చులకన ఒకటి. మహారాష్ట్రలో మహాడ్ ప్రాంతంలో పనిచేసిన డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ ఎర్రతేలు కాటు మీద 1982లోనే లాన్సెట్ పత్రికలో రాశారు. ప్రాజోసిన్ అనే చవక మాత్ర ఆ విషం నుంచి గుండెను కాపాడుతుందని చూపినవారు ఆయనే. 2022లో పద్మశ్రీ వచ్చింది. పొలాల్లో తేలు కుట్టినవాళ్ల పక్కన రాత్రంతా కూర్చున్నవాడికే ఆ సంగతి పట్టుబడింది.

ఇక మన కష్టం వేరు. రాష్ట్రం బయట ఉన్న మనకు డాక్టరు దొరికినా మాట దొరకదు. మా ఊరి అవ్వ ఒకామె పెద్ద ఆసుపత్రిలో "ఒళ్లు వేడి చేసింది నాయనా" అంది. డాక్టరు పరాయి రాష్ట్రం వాడు. మనవడు దాన్ని ఇంగ్లీషులో జ్వరమని చెప్పాడు. థర్మామీటరు పెడితే జ్వరం లేదు. అయినా జ్వరం మాత్రలే ఇచ్చి పంపారు. ఆమె బాధ మూత్రంలో మంట. మగ డాక్టరు ముందు, మనవడి ఎదుట అంతకన్నా విప్పి చెప్పలేదు. మా బావగారైతే ఆ ఒక్క మాటకే "నీళ్లు పోసుకునేటప్పుడు మండుతాందా అవ్వా?" అని అడిగి ఉండేవారు.

ప్రభుత్వాలు కదిలేదాకా మన సంఘాలు శాలువాల డబ్బుతో ఒక పని చెయ్యవచ్చు. వేడి చెయ్యడం, నిస్సత్తువ, పొద్దు తిరుగుడు తలనొప్పి, కడుపులో దేవడం, కాళ్లు గుంజడం వంటి మాటలన్నీ పోగుచేసి, అర్థాలు కన్నడ, తమిళ, ఒడియా, మరాఠీ, ఇంగ్లీషుల్లో వేసి, జేబులో పట్టే పుస్తకంగా అచ్చొత్తి మన పల్లెల ఆరోగ్య కేంద్రాల్లో ఇవ్వాలి. బరంపురం వైపు మాటలు నాకు తెలియవు, యానాం వైపువీ తెలియవు. ఆ ఊళ్ల పాఠకులు తమ మాటలు రాసి ఈ పత్రికకు పంపండి. హోసూరు మాటలు నేను రాసిస్తాను.