మేనేజరుగారి వేషం

మన భాషలో వేషానికి మర్యాద తక్కువ. "వేషాలు వెయ్యకు" అంటే తిట్టు. "నాటకాలాడుతున్నావా?" అంటే అంతకన్న పెద్ద తిట్టు. అలాగని వేషగాణ్ణి మనం ఎన్నడూ గుమ్మంలోంచి వెళ్ళగొట్టలేదు. పగటివేషాలవాళ్ళు ఊళ్ళో దిగితే, కరణం వేషం చూసి, అసలు కరణం కంటె వీడే నయంగా ఉన్నాడని నవ్వుకుని, చేటెడు బియ్యం పోసి పంపేవారు మన పెద్దలు. అసలు కరణం కూడా ఆ గుంపులోనే నిలబడి నవ్వేవాడట! తన్ను తాను బయటినుంచి చూసుకునే అవకాశం ఎవరికి మాత్రం ఊరికే వస్తుంది?

ఈ కిటుకు కంపెనీలవారు పట్టుకుని చాలాకాలమైంది. మా ఇంటికి మాత్రం మొన్న సంక్రాంతికి వచ్చింది. మా మేనల్లుడు హైదరాబాదులో ఒక కంపెనీలో ఉన్నాడు. పదిమందికి పై అధికారిని చేస్తామని చెప్పి, ముందు మూడురోజుల శిక్షణకు పంపారుట.

"మామయ్యా, లెక్కలో, చట్టాలో చెబుతారనుకుని పుస్తకం కొనుక్కు వెళ్ళాను. మాచేత నాటకం వేయించారు" అన్నాడు దిగులుగా.

"ఏం వేషం వేశావురా?"

"టెలిఫోన్లు బాగుచేసే పనివాణ్ణి. పదిహేడేళ్ళ సర్వీసు నాది."

"ఫాను స్విచ్చి పాడైతే ఎలక్ట్రీషియన్ కోసం వారంరోజులు చూసేవాడివి, నువ్వా?" అని వాళ్ళ అత్తయ్య పకపక నవ్వింది.

నేను నవ్వలేదు. కాలేజీలో ఏటా పిల్లలచేత నాటకాలు వేయించేవాణ్ణి కనుక, ఆ నాటకం సంగతి నాకు తెలుసు. దాన్ని తయారుచేసినవాడు అమెరికాలో మిషిగన్ విశ్వవిద్యాలయంలో మనస్తత్వశాస్త్రం చెప్పిన నార్మన్ మాయర్. అది 1952 నాటికే అచ్చులో ఉంది. కథ చాలా చిన్నది. టెలిఫోన్లు మరమ్మతు చేసే ముఠా ఒకటి. ఐదుగురు పనివాళ్ళు, పైన వాల్ట్ అనే ఫోర్మన్. ఎవరి బండి వారికుంది. ఇప్పుడు ఒక్క కొత్త బండి వస్తున్నది. ఎవరికివ్వాలి?

జార్జిది పదిహేడేళ్ళ సర్వీసు, బండి వయస్సు రెండేళ్ళే. బిల్‌ది పదకొండేళ్ళు, అతని బండికి ఐదేళ్ళు నిండాయి. జాన్‌ది పదేళ్ళు, నాలుగేళ్ళ బండి. చార్లీది ఐదేళ్ళు, మూడేళ్ళ బండి. హ్యాంక్ చేరి మూడేళ్ళే అయింది, బండి మాత్రం ఐదేళ్ళది. ఇంతవరకూ అందరికీ తెలుసు. అసలు కీలకం చీటీలలో ఉంది. ఆట మొదలయ్యేముందు ఎవరి చీటీ వారికిస్తారు. ఒకరిది మరొకరు చూడకూడదు. జాన్ చీటీలో, నువ్వు పనిచేసేది ఊరి చివర, తక్కినవాళ్ళలో చాలామందికన్న ఎక్కువ దూరం తిరగవలసినవాడివి అని ఉంటుంది. చార్లీ చీటీలో, నీ బండి తలుపు సరిగా పడదు, చలిగాలి లోపలికి కొడుతుంది, ఆ తలుపు పాడుచేసినవాడు హ్యాంక్ అని ఉంటుంది. హ్యాంక్ చీటీలోనో, నీ బండి ముఠాలో అన్నిటికన్న అధ్వాన్నం, మూడేళ్ళు నోరుమూసుకు భరించావు, ఇక చార్లీ తలుపంటావా, నువ్వు బండి వెనక్కి తీస్తూంటే వాడే తలుపు తెరిచాడు అని ఉంటుంది.

ఫోర్మన్ చీటీలో ఆ తలుపు ఊసే లేదు.

ఇదివరకు నువ్వు ఏం తేల్చినా చాలామంది తప్పన్నారు. ఈసారి నువ్వు తేల్చకు, వారికే వదిలెయ్యి అని మాత్రం అతనికి చెబుతారు. హాల్లో అరవైమంది ఉంటే ఆరుగురేసి చొప్పున పది ముఠాలు. అందరూ ఒకేసారి ఆడతారు, చూసేవాళ్ళంటూ ఉండరు. చివరికి ఏ ముఠా ఏం తేల్చిందో బోర్డు మీద వ్రాస్తే, తీర్పులన్నీ ఒకటిగా ఉండవు. ఇందులో ఒప్పు జవాబు లేదు మరి. కొత్తది జార్జికిచ్చి, జార్జిది జాన్‌కిచ్చి, జాన్‌ది హ్యాంక్‌కిచ్చి, హ్యాంక్ డొక్కుబండిని వదిలించుకోవచ్చు. ఆ మాటల్లోనే, చార్లీ తలుపు బాగుచేయిద్దామని ఎవడో ఒకడు అనవచ్చు. ఒక బండి వస్తే నలుగురికి మేలు జరిగే దారి అది. గదిలో ఒంటరిగా కూర్చుని సర్వీసు పట్టిక చూసుకునే ఫోర్మన్‌కు ఆ దారి తట్టేదెలా?

మావాడు జార్జి. పెద్దరికం నాది గనుక బండి నాదే అని బిగుసుకు కూర్చున్నాడట. "హ్యాంక్ వేషం వేసిన పిల్ల, మూడేళ్ళబట్టి ఒక్కరు కూడా నా బండి ఎలా ఉందని అడగలేదు అన్నది మామయ్యా. ఆ పిల్ల పేరు కూడా నాకు తెలియదు. నాకు మాత్రం మా టీములో కొత్తగా చేరిన కుర్రాడు గుర్తుకొచ్చాడు" అన్నాడు.

వేషంతో మనసు మార్చవచ్చునని పట్టుబట్టినవాడు మాయర్‌కన్న ముందు జేకబ్ మొరెనో. 1889లో బుకారెస్టులో పుట్టి, వియన్నాలో వైద్యం చదివి, 1920 తరువాత అక్కడ ఒక నాటకశాల నడిపాడు. వ్రాసిన నాటకమంటూ ఉండదు. అప్పటికప్పుడు కల్పించి ఆడవలసిందే. అతనే చెప్పుకున్న కథ ఒకటుంది. బార్బరా అని ఒక నటి. సాధువులైన నాయికల పాత్రలకు పెట్టింది పేరు. ఆమె భర్త ఒకనాడు వచ్చి, రంగం మీద దేవతలాగా కనిపించే మనిషి ఇంట్లో భద్రకాళి అని మొరపెట్టుకున్నాడు. మొరెనో ఆమెకు గయ్యాళి వేషాలూ, వీధి ఆడదాని వేషాలూ ఇవ్వడం మొదలుపెట్టాడు. కోపమంతా అక్కడే ఖర్చయిందో ఏమో, ఇంట్లో తగాదాలు తగ్గాయట! ఇది చదివి వినిపిస్తే మా ఆవిడ, "ఆ మొగుడికి కూడా ఒక వేషం ఇవ్వవలసింది" అన్నది. ఇచ్చాడు. తరువాత ఇద్దర్నీ రంగం ఎక్కించి వాళ్ళ ఇంటి తగువులే ఆడించాడు. 1925లో అమెరికా వెళ్ళి, 1936లో న్యూయార్క్ రాష్ట్రంలోని బీకన్‌లో ఆస్పత్రి పెట్టి, అందులోనే నాటకరంగం కట్టించాడు. నువ్వు నేనవు, నేను నువ్వవుతాను అని పాత్రలు తారుమారు చేయించడం అతని ఆయుధాలలో ముఖ్యమైనది.

ఆ ఆయుధానికి రెండువైపులా పదునే. ఒకసారి తెలిసినవారు పిలిస్తే ఒక కార్యాలయంలో ఇలాంటి శిక్షణ చూడబోయాను. పేరు అనవసరం. "నా గది తలుపులు ఎప్పుడూ తెరిచే ఉంటాయి. ఎవరూ వచ్చి ఏదీ చెప్పరు" అని అక్కడి సెక్షను అధికారి ఫిర్యాదు. శిక్షణ ఇచ్చే ఆవిడ ఆయన్ని గుమాస్తాను చేసి, ఆయన సెక్షనులోని గుమాస్తానే తెచ్చి కుర్చీలో కూర్చోబెట్టింది. తల్లికి తుంటి ఎముక విరిగింది, నాలుగు రోజులు శెలవు కావాలి, ఇదీ ఘట్టం.

కుర్చీలోని గుమాస్తా కాలు మీద కాలు వేసుకోలేదు, గొంతు పెంచలేదు. సెల్‌ఫోనులోకి చూస్తూ, "ఊఁ, చెప్పండి" అన్నాడు, అంతే. హాల్లో ఎవరో కిసుక్కున నవ్వి ఆపుకున్నారు. అధికారి తల్లి సంగతితో మొదలుపెట్టాడు. "ఊఁ." పెండింగు కాగితాలు ముందే పూర్తిచేస్తానన్నాడు. "ఊఁ." కాస్సేపు నిలబడి, "పోనీ, రెండురోజులైనా ఇప్పించండి" అన్నాడు. అవతలివాడు కాదనలేదు. ఈయనే నాలుగును రెండు చేసుకున్నాడు.

"ఎందుకు తగ్గించారండీ?" అని ఆవిడ అడిగింది.

"ఆయన నా మొహం చూడలేదు" అన్నాడు అధికారి. హాలంతా నిశ్శబ్దం.

టీ వేళ ఆ గుమాస్తా నా పక్కకు వచ్చాడు. చేతిలో కప్పు వణుకుతున్నది. "మాష్టారూ, నేను కాస్త ఎక్కువ చేశానా?" అన్నాడు. లేదయ్యా, బాగానే చేశావన్నాను. అతను కాస్సేపు ఊరుకుని, "నిరుడు నేనూ రెండుకే దిగాను" అన్నాడు.

అధికారికి అది జన్మలో దొరకని పాఠం, ఒప్పుకుంటాను. కాని ఆ పాఠానికి ఖర్చు భరించినది ఎవరు? సంవత్సరాంతాన ఆ గుమాస్తా పనితనానికి మార్కులు వేసేది ఆ అధికారే. బ్రెజిల్‌లో ఆగస్టో బోల్ అని ఒక నాటకకర్త ఉండేవాడు. ఆయన ప్రదర్శనలో, అన్యాయం జరుగుతున్నచోట ప్రేక్షకుడు "ఆపండి" అని లేచి, బాధపడే పాత్ర స్థానంలోకి తానే వచ్చి, మరో దారి ఆడి చూపవచ్చు. ఆ నాటకాలు పీడితులకోసం పుట్టాయి. 1971లో బోల్‌ను సైనిక ప్రభుత్వం జైల్లో పెట్టింది. ఇప్పుడు అదే పద్ధతిని కంపెనీలు డబ్బిచ్చి తమ సిబ్బంది శిక్షణకు పిలుస్తున్నాయి. ఆడవాళ్ళ మీద వేధింపులను అరికట్టడానికి మన దేశంలో 2013లో చట్టం వచ్చింది; సిబ్బందికి అవగాహన తరగతులు పెట్టడం యజమాని విధి అని అందులో ఉంది. అరవై బొమ్మలు తెరమీద వేసి చదివి వినిపించడంకన్న, "ఆపండి" అని ఒక అమ్మాయి లేచి నిలబడే ఘట్టం వేయి రెట్లు మేలు. అయితే ఆమె ఎవరిముందు లేస్తున్నదో, ఆయన రేపు ఆమెను ఏం చేయగలడో, ముందే ఆలోచించాలి.

అందుకే నాకు మాయర్ బండి మీద గౌరవం. అది ఎవరి ఆఫీసూ కాదు. ఎక్కడో అమెరికాలో, ఎవరో హ్యాంక్, ఎవరిదో తలుపు. మావాడు తన టీములోని కుర్రాణ్ణి గుర్తుచేసుకున్నాడంటే తనంతట తానే చేసుకున్నాడు. ఆ కుర్రాడు వచ్చి నలుగురిముందు నిలబడి చూపనక్కరలేకపోయింది. నిజం అధికారినీ, నిజం గుమాస్తానూ ఒకే ఘట్టంలో దింపడం నాచేతనైతే నిషేధిస్తాను. ఏ సెక్షనువాడికి ఆ సెక్షను కథ ఇవ్వను.

ఇంకొకటి కూడా నాటకాలవాళ్ళను చూసి నేర్చుకోవాలి. తెర దించగానే మావాళ్ళు ఇంటికి పోరు. కొబ్బరినూనె పట్టించి, పాతగుడ్డతో రంగు తుడుచుకుని, మీసం ఊడదీసి పెట్టెలో పెట్టి అప్పుడు బయలుదేరతారు. దుర్యోధనుడు తెర వెనుక కూడా దుర్యోధనుడిగానే ఉంటే భీముడు వాడితో కలిసి టీ తాగలేడు. శిక్షణలో తెలిసినవాళ్ళు ఈ పని చేయిస్తారు. కుర్చీలు మార్చి, వేషం వేసినవాణ్ణి సొంతపేరుతో పిలిచి, ఆ పాత్రలో ఏముంది, నీలో ఏముంది అని విడదీసి చెప్పమంటారు. దీనికీ కాస్త సమయం పడుతుంది. నేను చూసిన కార్యాలయంలో భోజనాలకు వేళయిందని దీన్ని వదిలేశారు. గుమాస్తా వేషం వేసిన అధికారి క్యూలో నిలబడి, తన వెనక నిలబడిన అసలు గుమాస్తాకు పళ్ళెం అందించాడు. ఇద్దరూ ఏమీ మాట్లాడుకోలేదు.